పాత చేతిగడియారం బంగారమేనా?

బీరువా అడుగున తాతగారి చేతిగడియారం దొరికితే, ఇంట్లో అందరూ అడిగేది ఒక్కటే: "బంగారమేనా?" వెంటనే కంసాలి దగ్గరికి పరిగెత్తకండి. ముందు గడియారాలు బాగుచేసే పాతకాపు ఎవరైనా ఉంటే ఆయన చేత వెనక మూత తీయించండి. అసలు సంగతులన్నీ ఆ మూత లోపలే ఉంటాయి.

స్విట్జర్లాండు 1880లోనే బంగారు గడియారాల కేసులకు ముద్రలు వేసే చట్టం తెచ్చింది. 18 క్యారెట్లయితే హెల్వేషియా అనే స్త్రీమూర్తి తల, 14 అయితే ఉడత. ఆవగింజంత బొమ్మ, భూతద్దం ఉంటేగానీ ఆనదు. 1995 నుంచి వీటి స్థానంలో సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది. పక్కనుండే 0.750 అనే అంకె మన నగల మీది 916 లాంటిదే: వెయ్యి పాళ్లలో 750 పాళ్లు బంగారం. 22 క్యారెట్లకు అలవాటుపడిన మనం దీన్ని చిన్నచూపు చూస్తాం గానీ, రోజూ రాపిడికి గురయ్యే కేసుకు రాగి, వెండి కలిపితేనే గట్టితనం వస్తుంది.

"ప్లాకే 20 మైక్రాన్లు" అని ఉంటే అది పైపూత. తలవెంట్రుక మందంలో సుమారు మూడో వంతు. చిలకలపూడి నగలు ఎరిగినవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు. పట్టీ తగిలించే కొమ్ముల అంచున చూడండి, పూత అరిగిన చోట కింది లోహం బయటపడుతుంది.

ముద్రలు దొంగవీ ఉంటాయి. లోపలి యంత్రం, అద్దం తీసేసిన ఖాళీ కేసు ఉంటే గీటురాయి అవసరం లేకుండానే తేల్చుకోవచ్చు. దాన్ని తూచండి, 12 గ్రాములు వచ్చిందనుకుందాం. గ్రాములో వందో వంతు చూపే కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. కేసును దారంతో కట్టి, అడుగు తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచండి. కాటా చూపే బరువు, కేసు పక్కకు నెట్టిన నీటి బరువు. 18 క్యారెట్ల బంగారమైతే 0.77 గ్రాముల దగ్గర ఆగుతుంది, ఇత్తడైతే 1.4 దాకా పోతుంది. ఆర్కిమెడీస్ సూత్రం ఇంత సులువుగా ఇంట్లోనే కళ్లకు కట్టే సందర్భం నాకింకొకటి తోచదు.

ఇక వెల. అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది. తులాల లెక్కన అమ్మితే బంగారం డబ్బే వస్తుంది. స్విస్ గడియారాల కంపెనీ పటేక్ ఫిలిప్ 1941లో మొదలుపెట్టిన 1518 మోడల్ ఎక్కువగా బంగారంలోనే వచ్చింది, ఉక్కువి మాత్రం నాలుగే తెలుసు. వాటిలో ఒకటి 2016లో జెనీవా వేలంలో 1.1 కోట్ల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. బంగారువి సాధారణంగా అంత పలకవు. కొనేవాళ్లు చూసేది అరుదుదనం, యంత్రం, మార్పులు జరగని డయల్. ఒమేగా అయితే యంత్రం మీది సంఖ్యే వయసు చెబుతుంది: 1.2 కోట్ల దగ్గరుంటే 1950 ప్రాంతం, 1.5 కోట్లయితే 1956 ప్రాంతం.

అందుకే డయల్ మాసిందని కొత్త రంగు వేయించకండి, కేసుకు మెరుగు పెట్టించకండి. మెరుగు పెట్టిన ప్రతిసారీ కొమ్ముల అంచులు కరుగుతాయి, పైనున్న ముద్రలు చెరిగిపోతాయి. మూత లోపల సూదితో గీసిన సన్నటి అంకెలు కనిపిస్తే వాటినీ తుడవనివ్వకండి. గడియారం మరమ్మతుకు వచ్చినప్పుడల్లా పనివాళ్లు గీసుకున్న గుర్తులవి, చాలాసార్లు తేదీలే.