నలభై రూపాయల ఉచితం

నేను తెలుగు మాస్టర్ని. పద్యంలో యతి తప్పితే పట్టుకోగలను గాని, కంప్యూటరు విషయాల్లో నా పాండిత్యం అంతంత మాత్రం. అయినా 2009లో ఓ దొంగను పట్టుకున్నాను. పట్టుకున్నాననుకున్నాను.

అప్పట్లో మా కళాశాల హాస్టలు అజమాయిషీ నా మీద పెట్టారు. వయసు ముప్ఫై లోపే, అధికారం కొత్త. ఓనాటి సాయంత్రం బి.యస్సీ. కుర్రాడొకడు వరండా చివర అట్టపెట్టె ముందేసుకుని సిడిలు అమ్ముతూ కనిపించాడు. ఒక్కొక్కటి నలభై రూపాయలు. వాటి మీద స్కెచ్ పెన్నుతో ‘డెబియన్’ అని రాసి ఉంది.

“ఏమిటోయ్ ఇది?”

“ఆపరేటింగ్ సిస్టం, మాస్టారూ. కంప్యూటర్ని నడిపించేది.”

“ఎక్కడిది?”

“ఇంటర్నెట్లోంచి దించాను. ఉచితంగానే ఇస్తారండి.”

“ఉచితంగా తెచ్చి డబ్బుకు అమ్ముతున్నావా?”

“అమ్ముకోవచ్చు మాస్టారూ.”

ఆ జవాబు నా చెవికి తలబిరుసుగా వినిపించింది. ఇరవయ్యేడు సిడిలూ స్వాధీనం చేసుకుని, ‘దొంగ సరుకు అమ్మకం’ అంటూ ప్రిన్సిపాలుగారికి కాగితం రాసిచ్చాను. తండ్రిని పిలిపించమన్నారాయన. విషయం తేలేదాకా హాల్ టికెట్టు ఇవ్వవద్దన్నారు. పరీక్షలు తొమ్మిది రోజుల్లో ఉన్నాయి.

ఆ రాత్రి కుర్రాడు నా గది ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతిలో నాలుగైదు కాగితాలున్నాయి. “ఇది దాని లైసెన్సు మాస్టారూ. మా నాన్నకు ఇంగ్లీషు రాదు. నేను చెబితే నమ్మడు. మీరు చదివి తెలుగులో చెప్పండి” అన్నాడు.

కాదనడానికి నోరు రాలేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. రెండు గంటలు గడిచేసరికి చెమటలు పట్టాయి. ఉక్కకు కాదు.

ఆ కాగితం పేరు జనరల్ పబ్లిక్ లైసెన్స్. మొదటి కూర్పు 1989లో వచ్చింది. నా చేతిలో ఉన్నది 1991 నాటి రెండోది. దాన్ని రాసినవాడు రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటకు రెండర్థాలు ఉండడం వల్ల ఆయన పడిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. మనకా బాధ లేదు. డబ్బు పుచ్చుకోకపోతే ఉచితం, కట్టివేయకపోతే స్వేచ్ఛ. ఆయన చెప్పింది రెండోది. ఆయనే 1985లో తన ఈమాక్స్ అనే ప్రోగ్రామును టేపు మీద ఎక్కించి, ఒక్కోటి 150 డాలర్లకు అమ్మి కాలక్షేపం చేశాడు!

లినక్సు కథ ఇంకా తమాషా అయినది. ఫిన్లండులో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్ 1991లో దాన్ని బయటపెట్టినప్పుడు, ఎవరూ దీని మీద డబ్బు తీసుకోరాదని షరతు పెట్టాడు. దాంతో ఫ్లాపీల మీదికి నకళ్ళెక్కించి పదిమందికీ పంచేవాళ్ళు ఫ్లాపీ ఖర్చయినా రాబట్టుకోలేని పరిస్థితి వచ్చింది. 1992లో ఆ షరతు తీసేసి స్టాల్‌మన్ లైసెన్సునే తెచ్చుకున్నాడు. అంటే, మా కుర్రాడిని నేను పట్టుకున్న నేరానికి పదిహేడేళ్ళ కిందటే రాతపూర్వకంగా అనుమతి ఉందన్నమాట. ఇక డెబియన్ వాళ్ళు తాము డిస్కులు అమ్మరు. అమ్మేవాళ్ళ జాబితా మాత్రం దేశాల వారీగా ఉంచుతారు.

అమ్మడమంటే ఇష్టారాజ్యం కాదు. కొన్నవాడికీ అవే హక్కులు దక్కాలి. అతను పదిమందికి ఊరికే ఇచ్చినా, మళ్ళీ అమ్ముకున్నా నోరెత్తకూడదు. సోర్స్ కోడ్, అంటే ఆ ప్రోగ్రాము రాసిన మూలం, దాంతో పాటే ఇవ్వాలి. లేదా అడిగినవాళ్ళకు నకలు ఖర్చు మాత్రం తీసుకుని ఇస్తానని కనీసం మూడేళ్ళు చెల్లే మాట రాసివ్వాలి. ఒక సిడి కవరు విప్పి చూశాను. చిన్న చీటీ. కోడిగీతల అక్షరాలతో ఆ మాట అక్షరాలా రాసి ఉంది.

పేరు సంగతి వేరు. అమెరికాలో రెడ్ హ్యాట్ కంపెనీ తన లినక్సు డిస్కును పెట్టెలో పెట్టి అమ్ముతుంటే, దాన్నే నకలు చేసి రెండు డాలర్ల లోపే ఇచ్చినవాళ్ళున్నారు. సరుకు అమ్మవచ్చు గాని, రెడ్ హ్యాట్ అన్న పేరు మాత్రం ఆ కంపెనీ సొంతం. అయినా ఆ కంపెనీ ఏమీ దివాలా తీయలేదు. 2019లో ఐబిఎం దాన్ని 3,400 కోట్ల డాలర్లు పోసి కొనుక్కుంది.

నిజం ఒప్పుకోవాలి గదా. ఆ రాత్రి నన్ను ఎక్కువగా బాధించినది మరొకటి ఉంది. మా తెలుగు శాఖలోని కంప్యూటరులో ఉన్న ఆపరేటింగ్ సిస్టం, దాన్ని బిగించిన కుర్రాడు ‘ఊరికే’ వేసిచ్చినది. దానికి లైసెన్సు లేదు. దొంగ సరుకు నా బల్ల మీదే ఉంది.

మర్నాడు తండ్రి వచ్చాడు. రైతుబజారులో కూరగాయలమ్మే మనిషి. కండువా చేతిలో నలిపేస్తూ గుమ్మం బయటే నిలబడిపోయాడు. “వీడు తెలియక చేశాడు బాబూ, ఈసారికి కాయండి” అన్నాడు.

“మీవాడు తప్పు చెయ్యలేదండీ. చేసింది నేను” అని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ప్రిన్సిపాలుగారి ఎదుట లైసెన్సుకు అర్థం చెప్పాను. దించడానికి నెట్ సెంటర్లో కూర్చున్న గంటలకు కట్టిన డబ్బు, ఖాళీ సిడి, కవరు అన్నీ లెక్క వేసి కుర్రాడు చీటీ చూపించాడు. ఒక్కో దాని మీద పదకొండు రూపాయలు మిగులుతాయి.

తండ్రి కాసేపు ఆలోచించాడు. “అంటే చెరువు ఊరందరిదీ. కావిడి మోసిన కూలి వీడిది. అంతేనా బాబూ?”

మూడు గంటల వ్యాఖ్యానం రాసినా నేనింత చక్కగా చెప్పలేకపోయేవాణ్ణి.

హాల్ టికెట్టు ఆ పూటే ఇప్పించారు. నా ఫిర్యాదు కాగితం వెనక్కు తీసుకుని, తప్పు నాదేనని మరో కాగితం రాసిచ్చాను. చేయి కాస్త వణికిన మాట వాస్తవం. వారం తిరక్కుండా కుర్రాడికి మరో దెబ్బ తగిలింది. అతని దగ్గర మొదట కొన్న మిత్రుడే నకళ్ళు తీసి పాతిక రూపాయలకు అమ్మడం మొదలెట్టాడు. “వాడికీ హక్కుంది గదా మాస్టారూ” అని ఏడుపు మొహంతో నవ్వాడు.

మా శాఖకు నేనూ ఒకటి కొన్నాను, నలభైకే. కుర్రాడే వచ్చి బిగించి, తెలుగు అక్షరాలకు ‘పోతన’ ఫాంటు పెట్టాడు. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు తయారుచేసిన ఆ ఫాంటుకూ ఇదే లైసెన్సట. ఆయన నాకు అంతవరకు తెలియకపోవడం తెలుగు మాస్టరుగా సిగ్గుపడవలసిన సంగతి.

ఇప్పుడు కొత్త లాప్‌టాపుల్లో చాలావాటికి డిస్కు పెట్టే చోటే లేదు. ఆ సిడి నా బీరువాలో నిఘంటువు పక్కన ఉంది, లోపల చీటీతో సహా. దాని మూడేళ్ళ గడువు 2012లో తీరిపోయింది. సోర్స్ కోడ్ ఇమ్మని నేనెన్నడూ అడగలేదు. అడిగి తెచ్చుకున్నా, దానికి నిఘంటువు పనికిరాదు.