ఆస్తమా పాఠం ముందు ఎవరు నేర్చుకోవాలి?

ఎండలు ముదిరే వేళకు ఖమ్మం జిల్లా బోనకల్ చుట్టుపక్కల కల్లాల నిండా మిర్చి ఆరబోసి ఉంటుంది. తాలుకాయలు ఏరేవారికి, బస్తాలు నింపేవారికి ఆ ఘాటు రోజూ ఉన్నదే. దానికి తోడు పత్తి నుసి, వరికోతల దుమ్ము, కట్టెల పొయ్యి పొగ. ఆరోగ్యవంతులకు ఇవి దగ్గు తెప్పించి వదిలేస్తాయి, ఆస్తమా ఉన్నవారికి మాత్రం ఊపిరి ఆడనివ్వవు. అర్ధరాత్రి ఆయాసం లేస్తే పల్లెల్లో ముందు కబురు వెళ్లేది ఆర్‌ఎంపీకి, అంటే వైద్య డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఊరి డాక్టరుకి. సూది పడుతుంది, ఆ పూటకు గండం గడుస్తుంది. కొన్నాళ్లకు మళ్లీ అదే ఆయాసం, మళ్లీ అదే సూది. ఈ జబ్బును అదుపులో పెట్టే మందు దశాబ్దాలుగా మన దగ్గర ఉంది. దాన్ని ఎలా వాడాలో రోగికి నేర్పేవారే కరువయ్యారు. నేర్పాల్సిన వైద్య సిబ్బందికి నేర్పడమెలాగో మనం నేర్పలేదు. ఆస్తమా విషయంలో మన అసలు లోటు ఇదే.

ఈ లోటు ఖరీదు ఎంతో అంకెలే చెబుతున్నాయి. 2019 నాటి అంచనాల ప్రకారం మన దేశంలో సుమారు 3.4 కోట్ల మందికి ఆస్తమా ఉంది. ప్రపంచంలోని ఆస్తమా రోగుల్లో మనవాళ్లు 13 శాతం, ఆస్తమా మరణాల్లో మాత్రం 40 శాతానికి పైనే. జబ్బు అదే అయినా చావులు ఇంత ఎక్కువగా ఉన్నాయంటే లోపం చికిత్స అందే తీరులోనే వెతకాలి. ఆస్తమాలో శ్వాసనాళాల లోపలి పొర నిత్యం వాచి ఉంటుంది. దుమ్మో, ఘాటో, జలుబో తగలగానే ఆ నాళాలు బిగుసుకుంటాయి. సాల్బుటమాల్ పంపు (ఇన్‌హేలర్) ఆ బిగువును నిమిషాల్లో సడలిస్తుంది కానీ వాపును తగ్గించదు. వాపును తగ్గించేది బుడెసొనైడ్ వంటి పీల్చే స్టెరాయిడ్. ఆయాసం లేని రోజుల్లోనూ దాన్ని వాడుతూ ఉండాలి. వెంటనే హాయినిచ్చే పంపునే నమ్ముకుని రెండోదాన్ని మానేసిన రోగికి ప్రమాదం పెరుగుతూనే ఉంటుంది. అందుకే 2019లో 'గినా' అనే అంతర్జాతీయ ఆస్తమా నిపుణుల సంస్థ, పెద్దలకు, కౌమార వయసు పిల్లలకు సాల్బుటమాల్ రకం పంపు ఒక్కటే ఇచ్చి పంపవద్దని తన సూచనలను మార్చింది. బాగున్నప్పుడు కూడా మందు ఎందుకో రోగికి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పకపోతే తనంతట తానుగా తెలుసుకునే సంగతి కాదిది.

చెప్పడమే కాదు, చేయించి చూడాలి కూడా. పొడి మందు పీల్చే రోటాహేలర్ సంగతే తీసుకుందాం. క్యాప్సూల్ పెట్టి, తిప్పి విడగొట్టాక ముందు ఊపిరంతా బయటికి వదలాలి. అదీ పక్కకు తిరిగి వదలాలి, పరికరంలోకి ఊదితే తేమకు పొడి ముద్దకడుతుంది. తర్వాత పెదవులు బిగించి ఒక్క ఊపున గట్టిగా, లోతుగా పీల్చి పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. స్టెరాయిడ్ అయితే చివర్లో నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. గ్యాస్ పంపు పద్ధతి వేరు. దాన్ని బాగా ఊపి, నొక్కుతూ నెమ్మదిగా పీల్చాలి. ఒకదానికి వేగం కావాలి, ఇంకోదానికి నిదానం కావాలి. పీల్చే తీరు తప్పితే మందులో చాలా భాగం ఊపిరితిత్తులకు చేరకుండా నోట్లోనో గొంతులోనో ఆగిపోతుంది. నలభై ఏళ్ల అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2016లో వెలువడింది. పంపును సరిగ్గా వాడేవారు 31 శాతమేనని, ఆ నలభై ఏళ్లలో మెరుగుదల లేదని అది తేల్చింది. మరో రెండేళ్లకు వైద్య సిబ్బందిపై అలాంటి సమీక్షే వచ్చింది. పంపును సరిగ్గా వాడి చూపగలిగిన వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు కలిపి 15.5 శాతమే. గురువుకే రాని విద్య శిష్యుడికి ఎలా అబ్బుతుంది?

కరపత్రాలు పంచి, గోడమీద పోస్టరు అంటిస్తే సరిపోదా అనే వాదన ఉంది. వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ దీన్ని పరిశీలించింది. సమాచారం ఇచ్చి ఊరుకుంటే ఆస్పత్రి పాలయ్యేవారి సంఖ్య తగ్గలేదు. రోగి తన లక్షణాలను తానే గమనించుకుని, ఏ దశలో మందు పెంచాలో, ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలో తెలిపే రాతపూర్వక ప్రణాళికను దగ్గర ఉంచుకుని, వైద్యుడు క్రమం తప్పకుండా పరీక్షిస్తూ ఉన్నచోట మాత్రం ఆ సంఖ్య మూడోవంతుకు పైగా తగ్గింది. ఇంతసేపు కూర్చోబెట్టి చెప్పే తీరిక ఏదీ అని వైద్యులు అడుగుతారు. కిక్కిరిసిన ఓపీలో అది న్యాయమైన ప్రశ్నే. దీనికి మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన నోరీన్ క్లార్క్ బృందం 1998లో జవాబు చూపింది. 74 మంది పిల్లల వైద్యులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోగితో మాట్లాడే పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. భయమేమిటో ముందు అడగడం, తల్లిదండ్రుల మాట పూర్తిగా వినడం, ఇంట్లో పాటించగలిగిన ప్రణాళికను రాసివ్వడం నేర్పారు. ఆ వైద్యుల దగ్గర పిల్లల ఆరోగ్యం మెరుగుపడింది, అయినా ఒక్కో రోగికి పట్టిన సమయం పెరగలేదు. ఉన్న నిమిషాలనే వాళ్లు మెరుగ్గా వాడుకున్నారు.

ఒక దేశం మొత్తంగా పూనుకుంటే ఏమవుతుందో ఫిన్లాండ్ చూపింది. 1994లో మొదలైన పదేళ్ల కార్యక్రమంలో ఊరి ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, నర్సులకు, మందుల షాపుల ఫార్మసిస్టులకు ఆస్తమా బాధ్యత అప్పగించి శిక్షణ ఇచ్చారు. ఆస్తమా కారణంగా ఆస్పత్రిలో గడిపిన రోజులు 1993లో 1,10,000 ఉంటే 2003 నాటికి 51,000కు తగ్గాయి. అది సంపన్న దేశం, మనకు కుదరదనవచ్చు. అక్కడ పని సాగించినవారిలో మాత్రం నర్సులు, ఫార్మసిస్టులు కూడా ఉన్నారు. మన దగ్గర ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు, పల్లె దవాఖానాల సిబ్బంది ఇప్పటికే ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ చూస్తున్నారు. కేంద్రం 2023లో అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో ఆస్తమాను కూడా చేర్చింది. దారి ఉంది, శిక్షణే జోడించాలి.

ఆర్‌ఎంపీలకు శిక్షణ అంటేనే చాలామంది వైద్యులు అభ్యంతరం చెబుతారు, అర్హత లేనివారికి ముద్ర వేసినట్టవుతుందని. ఆ భయం కొట్టిపారేయదగింది కాదు. పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్‌లో ఇలాంటివారికి తొమ్మిది నెలల శిక్షణ ఇచ్చి చూసిన అధ్యయనం 2016లో వెలువడింది. రోగాన్ని సరిగ్గా చూడటంలో వాళ్లు మెరుగుపడ్డారు, అనవసరమైన మందులు ఇవ్వడం మాత్రం తగ్గలేదు. కాబట్టి వాళ్ల చేతికి కొత్త మందులు ఇవ్వాలని కాదు. పెదవులు నీలంగా మారడం, మాట పూర్తి చేయలేకపోవడం వంటి ప్రమాద చిహ్నాలు గుర్తించి 108కి ఫోన్ చేయడం, సూదితో సరిపెట్టకుండా రోగిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపడం నేర్పాలి. రోగి ఎటూ ముందు వాళ్ల గడపే తొక్కుతున్నప్పుడు వాళ్లను పట్టించుకోకపోతే నష్టపోయేది రోగే.

మనవాళ్లు ఏం చెప్పినా పాటించరనే నింద చివరిది. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం వేలమంది బారులు తీరుతారు. దానితో ఆస్తమా నయమవుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదని జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు ఏళ్లుగా చెబుతున్నాయి. అయినా వచ్చినవారికి 45 రోజుల పథ్యం చెబుతారు, నమ్మినవారు దాన్ని శ్రద్ధగా పాటిస్తారు. ఎదురుగా నిలిచి స్పష్టంగా చెబితే వినే ఓపిక మన రోగికి ఉందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? ఆ ఓపికను పనిచేసే మందు వైపు మళ్లించలేకపోవడం వైద్య వ్యవస్థ వైఫల్యం.

మందులే దొరకనప్పుడు శిక్షణ దేనికని అడిగేవారితో నాకు పేచీ లేదు. పీల్చే స్టెరాయిడ్ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎప్పుడూ ఉండాలి. అయితే ఖర్చు తగ్గించే దారులు తెలిసేది కూడా శిక్షణతోనే. అర లీటరు నీళ్ల సీసా అడుగున పంపు మూతికి సరిపడా రంధ్రం చేసి సందు లేకుండా అతికిస్తే, పిల్లల విషయంలో అది పంపుకూ నోటికీ మధ్య పెట్టే, బజారులో కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసిందని దక్షిణాఫ్రికా వైద్యులు 1999లోనే చూపారు. ఖమ్మంలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. మిర్చి కోతలకు ముందే మండలాల సిబ్బందిని పిలిచి, ఉపన్యాసాలు తగ్గించి, ఒక్కొక్కరి చేతికీ ఖాళీ పంపు ఇచ్చి వాడించి చూడటం ఆ కళాశాలకు పెద్ద భారం కాదు. ఏటా మళ్లీ పరీక్షించాలి, ఎందుకంటే నేర్చినది మరుపున పడుతుంది. మందుల ఇండెంటు ఎంత ముఖ్యమో ఈ శిక్షణ అంతే ముఖ్యమని ఆరోగ్య శాఖ గుర్తించి, దానికి తేదీలు వేసి, బాధ్యులను నియమించాలి.