కొష్చుష్కో విగ్రహము

వాషింగ్టను నగరమున శ్వేతసౌధమున కెదుట లఫాయెత్ ఉద్యానవనము గలదు. దాని నాలుగు మూలలందును అమెరికా స్వాతంత్ర్య సమరమున కత్తిపట్టిన నలుగురు పరదేశీయుల విగ్రహములు నిలిచియున్నవి. వారిలో ఇద్దఱు ఫ్రెంచివారు, ఒకడు జర్మను, ఈశాన్యపు మూలనున్నవాడు పోలండు వీరుడు తదేవుష్ కొష్చుష్కో.

ఈ విగ్రహమును అమెరికాలోని పోలిష్ ప్రజలు చేయించి, 1910 మే 11వ తేదీన ఆ ప్రభుత్వమునకు సమర్పించిరి. అదే దినమున అదే నగరమున, 1779లో సవన్నా యుద్ధమున నేలకొరగిన పులాస్కి సేనాని విగ్రహమును గూడ ఆవిష్కరించిరి. ఆనాడు భూపటమునందు పోలండు రాజ్యమే లేదు. 1772, 1793, 1795 సంవత్సరములలో పొరుగు ప్రభువులు దానిని ముక్కలుచేసి పంచుకొనియుండిరి. 1918 వఱకు దానికి విముక్తి కలుగలేదు. రాజ్యముపోయిన జాతి పరుల రాజధానియందు తన వీరులను నిలిపి, తాము చావలేదని లోకమునకు చాటెను. ఇంతకుమించిన రాయబారము వేఱొండు గలదా?

కొష్చుష్కో 1776లో అమెరికా చేరిన యింజనీరు. 1777లో సరటోగాయొద్ద సేనకు రక్షణస్థానములను కుదిర్చినవాడు. వెస్టుపాయింటు కోటను బలపఱచినవాడు. స్వదేశమునకు మరలి, 1794లో క్రాకోవునందు తిరుగుబాటు జెండా నెత్తెను. రాత్స్లవిత్సె యుద్ధమున కొడవళ్లు ధరించిన రైతులు రష్యా ఫిరంగులపై బడి వానిని పట్టుకొనిరి. పిమ్మట ఆయన పొవానియెత్స్ శాసనముచే రైతులకు వెట్టిదినములు తగ్గించి, సాగుచేయు భూమినుండి వారిని తొలగింపరాదని విధించెను. భూస్వాములలో పలువురు దాని కడ్డుపడిరి. భూములుగల మన పాఠకులు ఈ మాటను రెండుమార్లు చదువుట మేలు. దేశము కొఱకు ప్రాణమిమ్మని రైతు నడుగువారు, వాని మెడమీది కాడిని దింపుటకు వెనుదీయుట న్యాయమా?

1798లో అమెరికా విడుచునప్పుడు ఆయన వీలునామా వ్రాసెను. అచ్చటి తన సొమ్ముతో నీగ్రో బానిసలను విడిపించి విద్య చెప్పింపవలెనని, ఆ భారమును మిత్రుడగు జెఫర్సనుపై నుంచెను. 1817లో కొష్చుష్కో మరణింపగా జెఫర్సను దానిని వహింపనొల్లకుండెను. వ్యాజ్యములు సాగి సాగి, 1852లో సుప్రీముకోర్టు ఆ సొమ్మును వారసుల పరము చేసెను. బానిసలకు దక్కినది శూన్యము.

2020లో నల్లజాతివారికి న్యాయము కోరిన ఆందోళనమునందు ఈ విగ్రహపీఠముపైనే రంగులతో వ్రాతలు వ్రాసిరి. వ్రాసినవారిని నిందించుట సులభము. ఆ వీరుని కోరికను తీర్పక, రూపమును మాత్రము పూజించిన దోషము అంతకంటె పెద్దది. విగ్రహమునకు పూలదండ వేయుట గడియలో ముగియును; వీరుని వీలునామా చెల్లించుటయే జాతికి ఋణవిముక్తి యని మా యభిప్రాయము.