పైన బరువు, తోకలో మంట

మోటారు కాలడం అంటే ఏమిటో పెద్దకొడప్‌గల్ ఊరి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడు ఫేజుల్లో ఒకటి పోయిందంటే బావి గట్టు మీది మోటారు తిరగలేక గుయ్యిమని మూలుగుతుంది. స్టార్టరు పడిపోకపోతే కాసేపట్లో వార్నిష్ కాలిన వాసన, మర్నాడు వైండింగ్ దుకాణం. పిల్లలు ఎగరేసే రిమోట్ హెలికాప్టర్ తోకలోని మోటారుదీ ఇదే జబ్బు. అది పెన్సిల్ ముక్కంత ఉంటుంది, బరువు కొద్ది గ్రాములే. రైతు మోటారును కాపాడటానికి ఓవర్‌లోడ్ రిలే ఉన్న స్టార్టరు డబ్బా ఉంది. ఈ బుల్లి మోటారుకు చాలా బొమ్మల్లో అలాంటిదేమీ ఉండదు. ఎగరేసేవాడి బొటనవేలే దాని స్టార్టరు.

ముందు ఏ బొమ్మ గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. జాతరలో దొరికే చవక హెలికాప్టర్లలో చాలావాటికి ఒకదానిపై ఒకటి రెండు పెద్ద పంకాలు ఉంటాయి. అవి ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి కాబట్టి ఒకదాని మెలి (బొమ్మ ఒంటిని తిప్పేసే బలం) ఇంకోదానితో చెల్లిపోతుంది. వాటి తోకలోని పంకా ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. బొమ్మను ముందుకో వెనక్కో వంచడమే దాని పని, మిగతా సమయమంతా విశ్రాంతి. అందుకే అది అంత తేలిగ్గా కాలదు. అసలు కథ ఒకే పెద్ద పంకా ఉన్నవాటిది: డబ్ల్యూఎల్ టాయ్స్ వీ911, ఎక్స్‌కే కే110 లాంటివి. వాటి తోక పంకా పక్కకు తిరిగి ఉంటుంది, గాలిలో ఉన్నంతసేపూ దానికి ఒక్క క్షణం తీరిక లేదు.

ఎందుకంటే, పెద్ద పంకాను ఒక దిక్కుకు తిప్పితే బొమ్మ ఒళ్లు రెండో దిక్కుకు తిరగబోతుంది. పైనుంచి చూస్తే ఈ బొమ్మల పంకా ఎక్కువగా గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది, కాబట్టి బొమ్మ ముక్కు ఎడమకు తిరగబోతుంది. దాన్ని నిలబెట్టేది తోక. 1939లో ఇగోర్ సికోర్‌స్కీ అమెరికాలో ఎగరేసిన వీఎస్-300 కూడా తోక పంకాతోనే ఈ చిక్కు విప్పుకుంది. పెద్ద హెలికాప్టర్లలో తోక పంకాకు సాధారణంగా వేరే ఇంజన్ ఉండదు, ప్రధాన గేర్‌బాక్సు నుంచి పొడవాటి షాఫ్టు వెళుతుంది. బొమ్మ తయారుచేసేవాళ్లు ఆ షాఫ్టూ గేర్లూ మానేసి రెండు సన్నటి తీగలు లాగి, చివర ఓ చిన్న మోటారు పెట్టేశారు. తేలిక, చవక. ఆదా బాగానే ఉంది గానీ, దాని ఖరీదు కట్టేది మాత్రం ఆ మోటారే. (తోకకు కరెంటు మోటార్లు పెట్టడం పెద్దవాళ్లకూ ఆశ పుట్టించింది. బెల్ కంపెనీ 2020లో ఒక హెలికాప్టర్ తోకలో నాలుగు విద్యుత్ పంకాలు బిగించి చూపించింది.)

తోక మోటారు కాలగానే అందరూ తోకనే అనుమానిస్తారు. నన్నడిగితే, ముందు తూకం వేయాల్సింది బొమ్మ మొత్తాన్ని. బరువు పెరిగితే పెద్ద పంకా ఎక్కువ గాలి తొయ్యాలి, దాని మెలి అంతే పెరుగుతుంది. ఆ మెలిని ఆపే తోక తోపూ అంతే పెరగాలి. తోపు పెరిగినంతగా మోటారు లాగే కరెంటు పెరుగుతుంది. ఇంతవరకూ లెక్క సూటిగానే ఉంది. కానీ తీగచుట్టలో పుట్టే వేడి మాత్రం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఎక్కువసేపు ఎగురుతుందని పెద్ద బ్యాటరీ పెట్టి, మొత్తం బరువు 20 శాతం పెంచారనుకోండి. తోక మోటారులో వేడి పెరిగేది 20 శాతం కాదు, 44 శాతం. పైగా బ్యాటరీ పెద్దదైంది కాబట్టి ఆ వేడిని ఇంకా ఎక్కువసేపు భరించాలి. మొత్తం బరువు పది శాతం తగ్గించగలిగితే వేడి దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. ముక్కు దగ్గర ఊరికే మెరిసే లైట్లు, అలంకారపు రెక్కలు పీకేయడానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

పెద్ద పంకా రెక్కలు చిరిగినా, వాటికి టేపు అంటించినా కథ అదే. గరుకు రెక్క గాలిని ఎక్కువగా గుంజుతుంది, మెలి పెరుగుతుంది, తోక చెల్లిస్తుంది. కొద్ది రూపాయలు మిగులుతాయని అతుకుల రెక్కతో ఎగరేస్తే మోటారుకే ఎసరు.

ఇక రెండో హంతకుడు, నిలిచిపోవడం. తిరుగుతున్న మోటారు తనలో తానే ఎదురు వోల్టేజి పుట్టించుకుని కరెంటును అదుపులో ఉంచుకుంటుంది. తిరగడం ఆగితే ఆ ఎదురు వోల్టేజి ఉండదు, అడ్డుకునేది రాగి తీగ నిరోధం ఒక్కటే. తీగ నిరోధం 1 ఓమ్, బ్యాటరీ 3.7 వోల్టులు అనుకుందాం. గాలిలో 0.8 ఆంపియర్లు లాగుతున్నప్పుడు తీగలో పుట్టే వేడి 0.64 వాట్లు. పంకా గడ్డిలో ఇరుక్కుని ఆగితే కరెంటు 3.7 ఆంపియర్లకు ఎగబాకుతుంది, వేడి దాదాపు 14 వాట్లు, అంటే ఇరవై రెట్లకు పైనే. బొమ్మ పడగానే మన చెయ్యి సహజంగా చేసే పని మళ్లీ లేపుదామని థ్రాటిల్ (బొమ్మను పైకి లేపే మీట) తొయ్యడం. సరిగ్గా అదే చెయ్యకూడదు. పడుతోందనిపించగానే, నేల తాకకముందే, థ్రాటిల్ సున్నాకు దించాలి. రిమోట్‌లో మోటారును ఒక్కసారిగా ఆపే థ్రాటిల్ హోల్డ్ మీట ఉంటే వేలు దాని మీదే ఉండాలి.

ఈ మోటార్లను కోర్‌లెస్ అంటారు. విప్పి చూస్తే తిరిగే భాగంలో ఇనుము ఉండదు. ఎనామెల్ పూసిన రాగి తీగ బుట్టలా అల్లుకుని ఉంటుంది, బుట్ట లోపల అయస్కాంతం కదలకుండా కూర్చుంటుంది. వెనక మూతలో రెండు బ్రష్షులు, వెంట్రుక కంటే కాస్త లావు. ఇనుము లేదు కాబట్టి మోటారు చురుగ్గా స్పందిస్తుంది, కానీ వేడిని దాచుకునే చోటు కూడా లేదు. కాలిన మోటారులో ఆ ఎర్రటి బుట్ట నల్లబడి, ఒక్కోసారి ఉబ్బి డబ్బాకు ఒరుసుకుని ఉంటుంది. కాలకముందే నష్టం మొదలవుతుంది. రాగి 60 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం దాదాపు 23 శాతం పెరుగుతుంది. మామూలు రకం నియోడిమియం అయస్కాంతమైతే 80 డిగ్రీల దగ్గర్లో బలం కోల్పోవడం మొదలుపెడుతుంది. అయస్కాంతం నీరసిస్తే అదే తోపుకు ఎక్కువ కరెంటు కావాలి, అది ఇంకా వేడి తెస్తుంది.

పెద్దకొడప్‌గల్ లాంటి చోట దీనికి ఎండ తోడవుతుంది. మే నెలలో గాలే 42 డిగ్రీలుంటే, 25 డిగ్రీల చలికాలపు పొద్దుతో పోలిస్తే మోటారు 17 డిగ్రీల వెనుకబాటుతో పరుగు మొదలుపెడుతుంది. పొద్దున్నే ఎగరేయడమే మేలు, గాలీ తక్కువ ఉంటుంది. ఈదురుగాలిలో గైరో (బొమ్మ తిరుగుడును పసిగట్టే భాగం) ముక్కును పట్టి ఉంచడానికి తోకను ఆపకుండా తోలుతుంది, మనకు కనిపించకుండానే. పత్తి ఏరిన చేను పక్కన ఎగరేస్తే ఇంకో పీడ ఉంది: దూది పీచు తోక షాఫ్టుకు చుట్టుకుని పంకాకూ మోటారుకూ మధ్య బిగుసుకుంటుంది. ప్రతి బ్యాటరీకీ ముందు తోక పంకాను నోటితో ఊదండి. తేలిగ్గా తిరిగి, మెల్లగా ఆగాలి. తటాలున ఆగితే పీచో, వంగిన షాఫ్టో వెతకాలి. నూనె వెయ్యాలనిపిస్తే సూది మొనతో బేరింగు దగ్గర ఒక్క చుక్క, బ్రష్షుల వైపు మాత్రం పోనివ్వొద్దు.

బ్యాటరీకీ బ్యాటరీకీ మధ్య మోటారును వేళ్లతో పట్టి చూడండి. పట్టి ఉంచలేకపోతున్నారంటే పది నిమిషాలు ఆగాల్సిందే. కొత్త బ్యాటరీతో ఎగిరినా, థ్రాటిల్ పెంచగానే ముక్కు ఎడమకు జారుతుంటే తోక మోటారు అరిగిపోతోందని అర్థం. రిమోట్‌లో ట్రిమ్ (ముక్కు జారుడును సరిదిద్దే మీట) తిప్పి సర్దుకుపోతే మోటారు పూర్తిగా షార్టయ్యేదాకా నడిపించినట్టవుతుంది. అప్పుడది తనతోపాటు రిసీవర్ బోర్డు మీద తనకు కరెంటు ఇచ్చే ట్రాన్సిస్టర్‌నూ తీసుకుపోతుంది. బోర్డు ధర మోటారు కంటే ఎన్నో రెట్లు.

బ్రష్షులున్న మోటారు ఎలాగూ అరుగుతుంది, వైండింగ్ దుకాణంలో దీన్ని చుట్టేవాళ్లు ఉండరు. ఒకటి అదనంగా కొని పెట్టుకోవాలి. కొనేటప్పుడు డబ్బా వ్యాసం, షాఫ్టు లావూ పొడవూ పాతదానితో పోల్చండి. డ్రోన్ల కోసం అమ్మే కోర్‌లెస్ మోటార్లలో కుడికి తిరిగేవి, ఎడమకు తిరిగేవి వేరువేరుగా ఉంటాయి, తీగల రంగుల్ని బట్టి గుర్తుపడతారు. ఎదురు రకాన్ని తెచ్చి తీగలు తారుమారు చేసి కలిపినా తిరుగుతుంది గానీ, బ్రష్షులు త్వరగా అరగొచ్చు.