ఉమ్మిలో ఇంటి చరిత్ర

ఏమర్రా, ఇలా వచ్చి కూర్చోండి. పెళ్ళి కుదిరిన అబ్బాయీ అమ్మాయీ చెరో గొట్టంలో ఉమ్మి ల్యాబుకు పంపితే, పుట్టబోయే బిడ్డకు ఫలానా జబ్బు వచ్చే అవకాశం ఉందో లేదో చెబుతారట, నిజమేనా తాతయ్యా అని అడిగారు కదా. నిజమే. అన్ని జబ్బులకూ కాదు గాని, కొన్నింటికి నిజమే. ఏ కొన్నింటికి, ఎందుకు అన్నదే ఈ పూట కబురు.

మనం తిన్న పప్పూ, తాగిన పాలూ ఒక్కసారిగా శక్తిగా మారిపోవు. ఒక పదార్థం ఇంకొకటిగా, అది మరొకటిగా అంచెలంచెలుగా మారుతూ పోతాయి. ఒక్కో అంచె దగ్గర ఒక్కో ఎంజైము ఉండి ఆ పని చేస్తుంది. ఆ ఎంజైము ఎలా తయారవ్వాలో చెప్పే జన్యువు చెడిపోతే అక్కడ పని నిలిచిపోతుంది. ముందుకు పోవలసిన పదార్థం అక్కడే పేరుకుంటుంది, తర్వాత రావలసింది రాదు. ఫినైల్‌కీటోనూరియా ఇలాంటి జబ్బే. పాలల్లో, పప్పుల్లో ఉండే ఫినైల్‌అలనిన్‌ను మార్చే ఎంజైము కాలేయంలో పనిచేయదు. ఆ పదార్థం నెత్తురులో పెరిగిపోయి పసిబిడ్డ మెదడును దెబ్బతీస్తుంది. పుట్టుకతో వచ్చే ఇలాంటి జీవక్రియ లోపాలు వందల రకాలున్నాయి.

మరి కాలేయంలోని లోపం నోట్లో ఎలా తెలుస్తుంది? అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నాక దస్తావేజు నకలు అందరి దగ్గరా ఉంటుంది చూడండి. పొలం ఊళ్ళో ఉన్నా, హైదరాబాదులో తమ్ముడి బీరువాలోని నకలు తీసి చదివితే సర్వే నంబరు తెలిసిపోతుంది. ఒంట్లో కణాలూ అంతే. కాలేయపు ఎంజైముకు సంబంధించిన జన్యువు బుగ్గ లోపలి కణంలోనూ ఉంటుంది. అక్కడ దానికి పనిలేదు, అయినా పూర్తిగా ఉంటుంది. ఉమ్మిలో నూటికి తొంభై తొమ్మిది వంతులు నీళ్ళే. ఆ మిగిలిన కాస్తలో రాలిన బుగ్గ కణాలూ, తెల్ల రక్తకణాలూ ఉంటాయి. వాటిలోంచే డీఎన్‌ఏ తీసి చదువుతారు.

ఇలాంటి పరీక్ష ఒక జనసమూహానికి ఎంత మేలు చేయగలదో తెలియాలంటే అష్కెనాజీ యూదుల సంగతి చెప్పాలి. వీళ్ళ పూర్వీకులు మధ్య, తూర్పు ఐరోపాలో ఉండేవారు. 1881లో లండన్‌లో వారెన్ టే అనే కంటి డాక్టరు ఒక పసిబిడ్డ కంటి లోపల ఎర్రటి మచ్చ చూశాడు. కొన్నేళ్ళకు న్యూయార్క్‌లో బెర్నార్డ్ సాక్స్ అనే నరాల డాక్టరు అలాంటి బిడ్డల మెదడులో వచ్చే మార్పులను వివరించాడు. జబ్బుకు వాళ్ళిద్దరి పేరే వచ్చింది, టే-సాక్స్ అని. ఆ బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. నవ్వుతుంది, బోర్లా పడుతుంది. ఆరో నెల దాటేసరికి నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటే పోతాయి. మెడ నిలవదు, చూపు పోతుంది, మూర్ఛలు వస్తాయి. నాలుగైదేళ్ళకు మించి బతకడం అరుదు. నయంచేసే మందు లేదు. తల్లిదండ్రులిద్దరూ మాత్రం నిక్షేపంగా ఉంటారు. చెడిన జన్యువు ఇద్దరిలోనూ ఒక్కొక్కటి ఉంటుంది, దాని జతలో రెండోది మంచిది కాబట్టి వాళ్ళకేమీ కాదు. ఇలాంటివాళ్ళను వాహకులు అంటారు. ఇద్దరు వాహకులకు పెళ్ళయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అష్కెనాజీ యూదుల్లో దాదాపు ముప్పై మందికి ఒకరు వాహకులు.

1969లో జాన్ ఓబ్రయన్, షింటారో ఒకాడా ఈ బిడ్డల్లో హెక్సోసమినిడేజ్-ఎ అనే ఎంజైము లేదని కనుక్కున్నారు. వాహకుల్లో అది ఉంటుంది గాని తక్కువ. అంటే రక్తంలో దాని పాళ్ళు కొలిస్తే వాహకులెవరో తెలుస్తుంది. మైకేల్ కబాక్ అనే పిల్లల డాక్టరు 1971లో బాల్టిమోర్, వాషింగ్టన్ ప్రాంతాల్లో సామూహిక పరీక్షలు మొదలుపెట్టాడు. జనం ప్రార్థనా మందిరాలకు వచ్చి, వరుసలో నిలబడి రక్తం ఇచ్చారు. తర్వాత కొన్ని దశాబ్దాల్లో అమెరికా, కెనడాల్లోని యూదుల్లో ఈ జబ్బుతో పుట్టే బిడ్డలు నూటికి తొంభై వంతులకు పైగా తగ్గిపోయారు. వైద్యం లేని జబ్బు మీద ఇంతటి విజయం నాకు తెలిసి చాలా అరుదు. దాన్ని ముందుండి నడిపించింది ఆ జనమే.

రక్తంలో ఎంజైము కొలవడంలో ఒక చిక్కుంది. గర్భిణుల్లోనూ, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళలోనూ సీరంతో, అంటే రక్తంలోని ద్రవంతో, చేసే ఆ పరీక్ష సరైన జవాబు ఇవ్వదు. 1980లలో 15వ క్రోమోజోము మీద ఉన్న ఆ ఎంజైము జన్యువును చదివాక, అష్కెనాజీ వాహకుల్లో ఎక్కువమందిలో ఉన్నది ఒకే తప్పు అని తేలింది. జన్యువు రాతలో నాలుగు అక్షరాలు అదనంగా చేరాయి, అంతే. తప్పు ఎక్కడుందో అంత కచ్చితంగా తెలిశాక రక్తమే కావాలన్న నియమం పోయింది, ఉమ్మి చాలు. 2013లో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మొదలైన జెస్క్రీన్ పథకంలో ఇంటికే గొట్టం పంపిస్తారు, ఉమ్మి తిరిగి పోస్టులో పంపాలి.

ఇంకొక పద్ధతి కూడా చెప్పుకోవాలి. టే-సాక్స్‌తో నలుగురు బిడ్డలను పోగొట్టుకున్న జోసెఫ్ ఎక్‌స్టైన్ అనే రబ్బీ (యూదు మతగురువు) 1983లో న్యూయార్క్‌లో దోర్ యెషోరీం అనే సంస్థ పెట్టారు. పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళు చేసుకునే సనాతన యూదుల కోసం అది. పరీక్ష చేయించుకున్న పిల్లలకు ఫలితం చెప్పరు, ఒక నంబరు ఇస్తారు. సంబంధం వచ్చినప్పుడు రెండు నంబర్లూ చెబితే, ఈ జంటకు ఇబ్బంది ఉందో లేదో మాత్రం చెబుతారు. ఎవరి మీదా ముద్ర పడకూడదన్న జాగ్రత్త అది. ఆ సమాజంలో అది కరుణతో కూడిన ఏర్పాటే. అయినా మన పిల్లలకు మాత్రం వాళ్ళ ఫలితం వాళ్ళకు చెప్పి, అర్థమయ్యేలా వివరించడమే మేలని నా అభిప్రాయం.

ఇదంతా ఎక్కడో దూరదేశపు కథ అనుకోకండి. హైదరాబాదులోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థకు చెందిన కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్, వాళ్ళ సహచరులు 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. దక్షిణాసియాలో తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్న సమూహాల్లో 81 సమూహాలకు అష్కెనాజీ యూదులకంటే ఎక్కువగా ఒకే కొద్దిమంది పూర్వీకుల వారసత్వం ఉందని అందులో తేలింది. అలాంటి సమూహాల్లో ఒక పూర్వీకుడి జన్యువులోని తప్పు చాలామందికి చేరి ఉండవచ్చు. వాళ్ళు చూపిన ఉదాహరణల్లో మన వైశ్యులున్నారు. బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం వీరిలో మిగతావారికంటే ఎక్కువ. మామూలు రోజుల్లో ఆ లోపం ఎవరికీ తెలియదు. ఆపరేషనుకు ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. అది కొద్ది నిమిషాల్లో విరిగిపోవాలి. ఈ ఎంజైము లేనివాళ్ళలో గంటల తరబడి విరగదు, అంతసేపూ ఊపిరి వాళ్ళంతట వాళ్ళు తీసుకోలేరు, వెంటిలేటరు మీద ఉంచాలి. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతారు, అంతటితో ఆ ప్రమాదం తప్పిపోతుంది. దీనికి కారణమైన జన్యు మార్పు తెలిసిందే కాబట్టి ఉమ్మిలో వెతకవచ్చు. ఇందులో ఏ కులానికీ చిన్నతనం లేదు. ప్రతి సమూహం దగ్గరా ఏదో ఒకటి ఉంటుంది, కొన్నింటిని ఇంకా వెతకనే లేదు.

మేనరికాల సంగతీ ఇక్కడే చెప్పాలి. బావామరదళ్ళకు ఎనిమిదింట ఒక వంతు, మేనమామా మేనకోడళ్ళకు నాలుగింట ఒక వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. అందుకే తాతముత్తాతల నుంచి వచ్చిన ఒకే తప్పు ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం పెరుగుతుంది. అలాంటి పెళ్ళి అనుకుంటున్నవాళ్ళకు ఈ పరీక్ష మరీ అవసరం.

చేయించుకునేటప్పుడు కొన్ని గుర్తుంచుకోండి. అరగంట ముందునుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు, వక్కపొడి కూడా వద్దు. ఉమ్మలేని పసివాళ్ళకు బుగ్గ లోపల దూదిపుల్లతో తీస్తారు, అదీ పాలు తాగిన వెంటనే కాదు, పాలల్లోని తల్లి కణాలు కలిసిపోతాయి. ఎముక మజ్జ మార్పిడి జరిగినవాళ్ళ ఉమ్మిలో దాత కణాలు ఉంటాయి, ఆ సంగతి ముందే చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, ఏయే తప్పులు వెతుకుతారో అడగండి. టే-సాక్స్‌నే తీసుకుంటే, గుజరాత్ కుటుంబాల్లో కనిపించిన మార్పు యూదుల మార్పుకంటే వేరు. యూదుల కోసం చేసిన జాబితాతో మనవాళ్ళను పరీక్షిస్తే ఏమీ లేదని తప్పుడు ధైర్యం వస్తుంది. మంచి పరీక్ష కూడా ప్రమాదం తగ్గిందని చెబుతుందే గాని, పూర్తిగా పోయిందని చెప్పదు.

ఇక పుట్టిన బిడ్డ విషయంలో ఉమ్మిని నమ్ముకుని కూర్చోవద్దు. అప్పుడు కావలసింది నెత్తురులో ఏది పేరుకుందో ఆ లెక్క. దానికి బిడ్డ మడమ నుంచి తీసే నాలుగు చుక్కల రక్తమే సరైనది. రాబర్ట్ గత్రీ అనే అమెరికన్ డాక్టరు 1960ల మొదట్లో వడపోత కాగితం మీద రక్తపు చుక్క ఆరబెట్టి ఫినైల్‌కీటోనూరియా పట్టే పద్ధతి తెచ్చాడు. ఇవాళ ఆ కాగితం మీదే పదుల కొద్దీ జబ్బులు చూస్తున్నారు. హైదరాబాదులో నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది శిశువులను ఇలా పరీక్షించి, వాటి ఫలితాలు 2004లో ప్రచురించారు. వెయ్యి మందికి ఒకరిలో జీవక్రియ లోపం కనబడింది. ఇలాంటి లోపాల్లో ఒకటైన గెలాక్టోసీమియా ఉన్న బిడ్డకు తల్లిపాలే కీడు చేస్తాయి, అక్కడ ప్రతి రోజూ విలువైనదే. పుట్టిన రెండుమూడు రోజుల్లో ఆ రక్తపు చుక్క తీయించండి. ఆసుపత్రివాళ్ళు అడగకపోతే మీరే అడగండి.

పెళ్ళీడు పిల్లలున్న ఇళ్ళకు నా మనవి ఒకటే. మీ రెండు వైపులా పసితనంలో కారణం తెలియకుండా పోయిన బిడ్డలు, ఆపరేషను తర్వాత ఊపిరి రావడానికి ఆలస్యమైనవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో పెద్దవాళ్ళను అడిగి ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం పట్టుకుని, గర్భం దాల్చక ముందే జన్యు వైద్యుల దగ్గరకు వెళ్ళండి. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రిలో, సీడీఎఫ్‌డీ సంస్థలో ఆ విభాగాలున్నాయి. ఏ జన్యువు చూడాలో, ఉమ్మి చాలో రక్తం కావాలో వాళ్ళు చెబుతారు.