ఆదివారం అనుబంధం

తెల్లవారుజామున దిల్‌సుఖ్‌నగర్ ప్రధాన రహదారి పక్కన, ఎల్.బి.నగర్ కూడలిలో దినపత్రికల కట్టలు దిగుతాయి. మిగిలిన రోజుల్లో పేపరు వేసే కుర్రవాళ్ళ పని తొందరగానే తెమిలిపోతుంది. ఒకప్పుడు ఆదివారం మాత్రం అలా కుదిరేది కాదు. ప్రతి పత్రిక మడతలోను రంగుల అట్ట ఉన్న చిన్న పుస్తకాన్ని ఒక్కొక్కటిగా చేర్చవలసి వచ్చేది. పుస్తకం లేకుండా పత్రిక వేస్తే ఇంటివారు ఊరుకునేవారు కారు. కథ, పదవినోదం, వారఫలాలు, వంటలు, సినిమా కబుర్లు అందులో ఉండేవి. వార్తల జోలికి పోనివారు సైతం దానికోసం ఎదురుచూసేవారు.

తెలుగునాట ఈ స్థానం మొదట వారపత్రికలది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో స్థాపించిన ఆంధ్రపత్రిక మొదట వారపత్రికగానే వెలువడి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా కూడా రాసాగింది. తరువాతి కాలంలో ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వారపత్రికలు ధారావాహిక నవలలతో మధ్యతరగతి ఇళ్ళను ఏలాయి. వారపత్రికలను దెబ్బతీసింది టెలివిజన్ అని అందరూ అంటారు. అది నిజమే గాని, అదనపు వెల లేకుండా దినపత్రికతోపాటు ఇంటికి వచ్చిన ఆదివారం పుస్తకం చేసిన పని కూడా తక్కువేమీ కాదు. కథ కోసం విడిగా డబ్బు పెట్టే అలవాటు దానివల్ల సడలింది. 2008లో వచ్చిన సాక్షి ‘ఫన్‌డే’ను, 2011లో వచ్చిన నమస్తే తెలంగాణ ‘బతుకమ్మ’ను వెంటబెట్టుకొని వచ్చాయంటే, ఆదివారం పుస్తకం లేని దినపత్రికను పాఠకులు అంగీకరించరన్న నమ్మకం అప్పటికి ఎంత బలంగా ఉండేదో తెలుస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహాల్లో ఈ పుస్తకానికి ప్రత్యేకమైన జీవితం ఉండేది. పోటీపరీక్షల శిక్షణ కోసం నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం ప్రాంతాల నుంచి వచ్చిన యువకులు సంపాదకీయాన్ని, ఉద్యోగ ప్రకటనలను కత్తిరించి దాచుకునేవారు. ఆదివారం పుస్తకం మాత్రం గది నుంచి గదికి తిరుగుతూ, అట్ట ఊడేదాకా నలిగేది. 2016 తరువాత చౌకగా దొరికిన మొబైల్ డేటా ఆ తీరిక సమయాన్ని ఆక్రమించింది. 2018లో ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు వచ్చింది. అందులోని ప్రయాణికుల చేతుల్లో కనిపించేది ఎక్కువగా ఫోనే.

ఆర్థిక కారణాలు మరింత బలమైనవి. దినపత్రిక వెల దాని ముద్రణ వ్యయానికే చాలదు. లోటును ప్రకటనలు పూరించాలి. నగలు, పట్టుచీరలు, ఇళ్ళస్థలాలు, కళాశాలల రంగుల ప్రకటనలే ఆదివారం పుస్తకాన్ని పోషించాయి. ఆ ప్రకటనల్లో చాలాభాగం అంతర్జాలానికి తరలింది. దిగుమతి చేసుకునే న్యూస్‌ప్రింట్‌పై 2019లో కేంద్రం 10 శాతం సుంకం విధించి, మరుసటి ఏడాది 5 శాతానికి తగ్గించింది. అంతలో కరోనా వచ్చిపడింది. 2020 మార్చిలో ఆంధ్రభూమి ముద్రణ ఆగింది. ఇతర పత్రికలు పుటలు తగ్గించుకున్నాయి. ఇది తెలుగుకే పరిమితమైన కష్టం కాదు. అమెరికాలో 1941 నుంచి వందలాది దినపత్రికలతో కలిసి ఇళ్ళకు చేరిన ‘పరేడ్’ కూడా 2022లో ముద్రణ నిలిపివేసింది.

గడిచిన కాలం కనుక అంతా బంగారమని భావించనక్కరలేదు. ఆదివారం కథ రెండు మూడు పుటల కొలతకు లోబడవలసి వచ్చేది. ముగింపు కోసం తొందరపడిన కథలు ఎన్నో. అయినా పేరులేని కొత్త రచయిత కథ ఒకే ఉదయాన లక్షల ఇళ్ళకు చేరే మార్గం తెలుగులో అంతకుమించి మరొకటి లేదు. కథలను వెతుక్కుని చదివేవారు నేటికీ ఉన్నారు. వెతకకుండానే చదివే పాఠకులను ఇచ్చింది మాత్రం ఆదివారం పుస్తకమే. కొన్ని పత్రికలు దానిని నేటికీ నిలబెట్టుకుంటున్నాయి.

మరొక నష్టం అంతగా కంటికి కనిపించదు. ఈ అనుబంధాలను చాలామంది దాచుకోలేదు. పిల్లల పుస్తకాలకు అట్టలుగా, అలమర అరల్లో పరుపులుగా పోగా మిగిలినవి పాతపేపర్ల బండిమీద కిలోల లెక్కన తూకానికి వెళ్ళాయి. ఈ సంగతిని ముందుగా గుర్తించినవారు కథకులు కాళీపట్నం రామారావు. ఆయన 1997లో శ్రీకాకుళంలో కథానిలయాన్ని స్థాపించి, పత్రికల్లో వచ్చి చెదిరిపోయిన కథలను సేకరించి భద్రపరిచారు. 2021లో ఆయన కన్నుమూశారు. దిల్‌సుఖ్‌నగర్‌లో తూకానికి పోయిన ఒక కథ కోసం నేడు ఎవరైనా వెతకదలిస్తే చూడవలసిన చోటు ఆ శ్రీకాకుళం గ్రంథాలయమే.