పట్టికలో పాఠకురాలి మాట

పుస్తకముల పట్టిక యనగానే గ్రంథకర్త పేరును, బీరువా సంఖ్యయు గల చీటీ మనకు స్ఫురించును. ఆ చీటీ క్రింద చదువరులును నాలుగు మాటలు వ్రాయవచ్చుననిన వింతగా నుండును గాని, యిది జరుగుచున్నదే. అమెరికాలోని ఆన్ ఆర్బర్ గ్రంథాలయమువారు 2007లో తమ ఆన్‌లైను పట్టికను అట్లు మార్చిరి. చదివినవారు అభిప్రాయము వ్రాయవచ్చును, నక్షత్రములతో విలువ కట్టవచ్చును, తమకు తోచిన విషయనామములను చేర్చవచ్చును. 2000లో న్యూజీలాండున వాడుకకు వచ్చి, మన దేశమునను పెక్కు గ్రంథాలయములలో నడుచుచున్న ‘కోహా’ యను ఉచిత సాధనములోను అభిప్రాయములు వ్రాయు నేర్పాటు కలదు.

సోదరీమణులారా, దీనితో మనకేమి పని యందురా? శ్రీకాకుళమున కాళీపట్నము రామారావుగారు 1997 ఫిబ్రవరి 22వ తేదీన కథానిలయమును నెలకొల్పి, తెలుగు కథలు వెలువడిన పాత పత్రికలను ఊరూర వెదకి కూర్చిరి. వారు 2021లో స్వర్గస్థులైరి. ఆ కథల పట్టికను నేడు ఇంటనుండియే చూడవచ్చును. ఇట్టి పట్టికకే చదువరుల తోడు మిక్కిలి యవసరమని మా యభిప్రాయము.

విజయనగరవాసులైన గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ (1910) మొదటి తెలుగు కథ యని చాలకాలము చెప్పుచుండిరి. పాత పత్రికలు వెదకగా, భండారు అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూ సుందరి’లో వెలువడినదని తేలినది. స్త్రీల పత్రికలో స్త్రీ వ్రాసిన కథ యన్నేండ్లు మరుగున పడియుండెను! అచ్చమాంబగారు స్వనామముతోనే వ్రాసిరి. మాఱుపేరుతోను, పొడి యక్షరములతోను వ్రాసినవారి గతి యేమి? ఆ యమ్మ యెవరో, ఏ యూరి కోడలో, పట్టిక కూర్చు పండితునికి తెలియదు. ఆమె మేనకోడలికి తెలియును. తెలిసినవారు చెప్పుటకు చోటుండవలెను.

వీధియరుగుమీది తగవులు పట్టికలోనికి వచ్చునని కొందఱు భయపడుదురు. భయము నిజమే. కోహాలో గ్రంథాలయమువారు చూచి యొప్పుకొన్న పిమ్మటనే అభిప్రాయము ఇతరులకు కనబడును. ‘ఈ రచయిత్రి మా పెద్దమ్మ’ యను మాటకు మాత్రము అంతటి పరిశీలన చాలదు. ఉత్తరమో, పత్రిక పుటయో చూపవలెను. ఇక నక్షత్రములన్న మాకంత యాదరము లేదు. కథ కందిపప్పు కాదు తూచుటకు.

అటకమీది పెట్టె దింపినపుడు పాత పత్రిక దొరకిన, అట్ట చినిగినదని పాత కాగితములవానికి వేయకుడు. నెల, సంవత్సరము, కథ పేరు, వ్రాసినవారి పేరు గుర్తు వ్రాసికొనుడు. ఆ పేరు వెనుకనున్న మనిషి యెవరో ఇంటి పెద్దలను, వారుండగనే, అడుగుడు.